రాలిన పెచ్చును పారేయకండి, తిరగేసి చూడండి

పాత కట్టడాలు: పాఠకుల ప్రశ్నలు, మా ఇంజనీర్ల బృందం జవాబులు

ప్రశ్న: మా పిల్లలు చదివే సర్కారు బడి విశాఖ పెదవాల్తేరులో, సముద్రానికి కిలోమీటరు లోపే ఉంది. 1978 ప్రాంతంలో కట్టిన రెండంతస్తుల భవనం. పైఅంతస్తులో రెండు గదుల్లోనూ వరండాలోనూ పెచ్చులూడి ఊచలు బయటపడ్డాయి. ప్లాస్టరింగుకీ రంగులకీ అంచనా వేసి తెచ్చి, తల్లిదండ్రుల కమిటీని సంతకం చెయ్యమంటున్నారు. చెయ్యొచ్చా? అసలు ఈ భవనం మరమ్మతుకు ఆగుతుందా, పడగొట్టాల్సిందేనా?
– కమిటీ సభ్యురాలు, పెదవాల్తేరు

జవాబు: ఇప్పుడే సంతకం చెయ్యకండమ్మా. ప్లాస్టరింగు, రంగు ఆఖరి పనులు. అంచనాలో అవి తప్ప ఇంకేమీ లేవంటే డాబా ఎక్కి చూసినవాళ్ళు లేరనే అనుకోవాలి. ముందు ఆ రెండు గదులకూ తాళం వేయించండి. వరండాలో పెచ్చులూడే చోట బోర్డు పెడితే చాలదు, అడ్డంగా వెదురు కట్టించండి. గంట కొట్టగానే పరిగెత్తే పిల్లలు బోర్డు చదవరు.

మరమ్మతా, కూల్చడమా అన్నదానికి మొదటి సాక్ష్యం నేలమీద రాలిన పెచ్చే. ఊడ్చి పారేయకుండా తిరగేసి చూడండి. వెనకవైపు నున్నగా, మరకలు లేకుండా ఉంటే ఊడింది పూత మాత్రమే. గాడి పడి, ఆ గాడిలో ఎర్రటి తుప్పు అచ్చు కనిపిస్తే స్లాబు కాంక్రీటే ఊచను వదిలేసిందన్నమాట. మొదటిది మేస్త్రీ చూసుకునే పని. రెండోది స్ట్రక్చరల్ ఇంజనీరు చూడకుండా ముట్టుకోకూడని పని.

విశాఖలో ఈ రెండో రకం ఎక్కువ. ఆ రోజుల్లో స్లాబు అడుగున ఊచకు వదిలిన కవరు, అంటే ఊచను కప్పి ఉంచే కాంక్రీటు మందం, సాధారణంగా 15 మిల్లీమీటర్లు. ఇప్పటి ఐఎస్ 456 (కాంక్రీటు పనులకు భారత ప్రమాణం) ప్రకారం సముద్రపు గాలి నేరుగా తగిలే కాంక్రీటుకు 45 ఉండాలి. ఉప్పు గాలిలోని క్లోరైడ్లు ఆ పలచని కవరును దాటి ఊచను చేరతాయి. మరోపక్క గాలిలోని కార్బన్ డయాక్సైడు కాంక్రీటులోని క్షారగుణాన్ని ఏళ్ళ తరబడి తినేస్తుంది. ఊచకు ఉన్న రక్షణ పోతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా కనీసం రెండింతలు, ఒక్కోసారి ఆరింతల చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికే పెచ్చు ఎగిరిపడుతుంది. పైనుంచి పూత పూస్తే లోపలి తుప్పు ఆగదు. రెండు మూడు వానాకాలాలకు కొత్త పూతతో సహా కిందపడుతుంది, ఈసారి ఇంకాస్త బరువుగా.

పరిశీలన ఇలా చేయించండి. ప్రతి గదికీ నంబరు వేసి, చేత్తోనైనా సరే ఒక పటం గీయండి. పావుకిలో సుత్తి తీసుకుని, స్లాబు అడుగునంతా అడుగుకొక చోట మెల్లగా తట్టాలి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, విడిపోయినది డబడబలాడుతుంది. డబడబలాడిన మేరంతా సుద్దతో గీత గీసి, కొలిచి, పటంలో రాయాలి. ఉదాహరణకు 6 × 7.5 మీటర్ల గదిలో స్లాబు 45 చదరపు మీటర్లు. కంటికి ఊడినట్టు కనిపించేది 4 చదరపు మీటర్లే ఉండొచ్చు, తట్టి చూస్తే 16 తేలుతుంది. అంచనాలు పెరిగేది, పనులు సగంలో ఆగేది ఈ తేడా దగ్గరే.

తట్టేటప్పుడు హెల్మెట్, కళ్ళద్దాలు తప్పనిసరి. సజ్జల దగ్గర మరీ జాగ్రత్త. సజ్జలో బరువు మోసే ఊచ పైభాగాన ఉంటుంది. కాంక్రీటు పోసే రోజున కూలీలు దానిమీద నడిచి కిందికి అణిచేసిన సందర్భాలు కొల్లలు. పైన నీళ్ళు నిలిచి ఆ ఊచ తుప్పు పడితే అడుగు చక్కగానే కనిపిస్తుంది, ఏదో ఒక రోజు చెప్పకుండా విరిగిపడుతుంది. కాబట్టి సజ్జను కిందనుంచి కాదు, పైనుంచి, గోడను కలిసే మూలలో చూడాలి.

పగుళ్ళన్నీ ఒకటి కావు. స్లాబు అడుగున 15, 20 సెంటీమీటర్ల ఎడంతో గీత గీసినట్టు సమాంతరంగా వస్తే అవి ఊచల దారి, తుప్పు పగుళ్ళు. స్తంభం అంచున నిలువునా వచ్చినా అదే కథ. పైఅంతస్తు గోడకూ స్లాబుకూ మధ్య అడ్డంగా సన్నగా వస్తే ఎండకు స్లాబు సాగి ముడుచుకోవడం వల్ల వచ్చినది, చాలావరకు భయం లేదు. కిటికీ మూలలనుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా దిగితే పునాది కుంగిందేమో చూడాలి. బీము చివర, స్తంభం దగ్గర 45 డిగ్రీల వాలులో పగులు కనిపిస్తే మాత్రం ఆ రోజే కింద సపోర్టులు పెట్టించి గది ఖాళీ చేయించండి. పగులు పెరుగుతోందో లేదో తేల్చడానికి దానికి అడ్డంగా సన్నని గాజుముక్కను రెండు వైపులా అతికించి తేదీ రాయండి. వానాకాలం దాటేలోగా గాజు పగిలితే కదలిక ఉన్నట్టే.

పరీక్షల సంగతి. రీబౌండ్ హామర్ (స్ప్రింగు సుత్తి లాంటి పరికరం) ఒక్కటే కొట్టి రిపోర్టు ఇస్తామంటే ఒప్పుకోకండి. అది పైపొర గట్టిదనాన్నే చెబుతుంది, పైగా బలం అంచనాలో 25 శాతం అటూ ఇటూ తప్పుతుంది. కార్బన్ తిన్న పాత కాంక్రీటు పైపొర గట్టిపడి ఉంటుంది కాబట్టి అంకె ఎక్కువే చూపిస్తుంది. ఎక్కడ బాగుంది, ఎక్కడ లేదు అని పోల్చుకోవడానికే అది పనికొస్తుంది. కాంక్రీటు గుండా శబ్ద తరంగం పంపే అల్ట్రాసోనిక్ పల్స్ పరీక్షలో ఆ తరంగం వేగం సెకనుకు 3.5 కిలోమీటర్లు దాటితే కాంక్రీటు బాగున్నట్టు, 3 కంటే తగ్గితే అనుమానించాల్సినట్టు. అనుమానం వచ్చిన చోట కోర్, అంటే డ్రిల్లుతో కోసిన గుండ్రటి కాంక్రీటు ముక్క, తీయాలి. కనీసం మూడు. కోర్ వ్యాసం లోపలి కంకర సైజుకు మూడింతలైనా ఉండాలి, అంటే 20 మిల్లీమీటర్ల కంకరకు 60 పైన. కోసేముందు ఊచ ఎక్కడుందో లొకేటరుతో గుర్తించకపోతే పరీక్ష పేరుతో ఉన్న ఇనుమునే తెగ్గొడతారు. మూడు కోర్ల సగటు డిజైను బలంలో 85 శాతం, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకుండా ఉండాలన్నది ఐఎస్ 456 కొలమానం. మీ భవనం ఆనాటి ఎం15 (చదరపు మిల్లీమీటరుకు 15 న్యూటన్ల బలం) కాంక్రీటయితే సగటు 12.75, కనిష్ఠం 11.25 న్యూటన్లు.

ఒక పరీక్షకు సరుకు మీ బడి కెమిస్ట్రీ ల్యాబులోనే దొరకొచ్చు. అప్పుడే పగలగొట్టిన కాంక్రీటు ముఖంమీద దుమ్ము ఊది, ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లండి. గులాబీ రంగు తిరిగినంతమేర క్షారం బతికే ఉంది. రంగు తిరగని లోతును స్కేలుతో కొలవండి. ఆ లోతు ఊచను దాటిపోయి ఉంటే, ఇప్పటికి పెచ్చూడని చోట కూడా ముందుముందు ఊడుతుంది. తీరంలో ఇది సగం కథే. గులాబీ రంగు వచ్చిన చోట కూడా క్లోరైడు చేరి ఉండొచ్చు. అందుకని డ్రిల్లుతో 10 మిల్లీమీటర్లకొక పొరగా పొడి తీసి, వేరువేరు సంచుల్లో ల్యాబుకు పంపి క్లోరైడు లెక్క తీయించాలి. కొత్త ఆర్సీసీకి (ఊచలు వేసిన కాంక్రీటుకు) ఐఎస్ 456 ఒప్పుకునేది ఘనపు మీటరుకు 0.6 కిలోలే. ఊచ తుప్పు పడుతోందో లేదో వోల్టేజీతో కనిపెట్టే హాఫ్‌సెల్ పరీక్షలో అంకె మైనస్ 350 మిల్లీవోల్టులను దాటి ఇంకా కిందికి పోతే తుప్పు నడుస్తూ ఉండే అవకాశం 90 శాతం.

బయటపడ్డ ఊచను వైరు బ్రష్‌తో మెరిసేదాకా గీకి, వెర్నియర్‌తో కొలవండి. 10 మిల్లీమీటర్ల ఊచ 9కి దిగితే 19 శాతం ఇనుము పోయినట్టు, 8.5కి దిగితే దాదాపు 28 శాతం. పావువంతుకు దగ్గరైతే పక్కన కొత్త ఊచ కలపాల్సిందే. పాతదాంట్లో గట్టిగా ఉన్న భాగంతో తగినంత పొడవు జతపడేలా అతుకు ఇవ్వాలి.

ఇక మరమ్మతు వరస. కింద సపోర్టులు పెట్టి, గదంతా ఒకేసారి కాకుండా పట్టీలు పట్టీలుగా కొట్టాలి. పాడైన చోట అంచులు కట్టరుతో 10 మిల్లీమీటర్ల లోతున చదరంగా కోయాలి. అంచు ఈకలా పలచబడితే కొత్త మోర్టారు అక్కడినుంచే లేస్తుంది. ఊచ వెనక 20 మిల్లీమీటర్ల ఖాళీ వచ్చేదాకా తొలచాలి. సగం మంది చేయనిది ఇదే. ముందువైపు శుభ్రం చేసి వెనక తుప్పు అలాగే వదిలేస్తారు. తర్వాత ఊచకు జింకు ప్రైమరు, కాంక్రీటుకు బాండింగ్ కోటు, అది పచ్చిగా ఉండగానే పాలిమర్ మోర్టారు, 10 నుంచి 15 మిల్లీమీటర్ల పొరలుగా. లెక్క చూడండి: కవరు 15, ఊచ 10, వెనక 20, మొత్తం 45 మిల్లీమీటర్లు. 16 చదరపు మీటర్లకు 0.72 ఘనపు మీటర్లు, అంటే ఒక్క గదికే సుమారు టన్నున్నర మోర్టారు. అంచనాలో 12 మిల్లీమీటర్ల ప్లాస్టరింగని రాస్తే మిగతాది ఎక్కడినుంచి వస్తుంది? ఇంత మందం, ఇంత మేర ఉంటే చేత్తో పామడంకన్నా గునైటింగ్ (గాలి ఒత్తిడితో మోర్టారు చిమ్మడం) మేలు.

క్లోరైడు ఎక్కువున్న స్లాబులో ఇంకో చిక్కుంది. కొత్త మోర్టారుతో అతుకు వేసిన చోట ఊచ బాగుపడుతుంది, దాని చుట్టూ ఉన్న పాత కాంక్రీటులో తుప్పు ఇంకా వేగంగా సాగుతుంది. ఏడాది రెండేళ్ళలో అతుకు చుట్టూ ఉంగరంలా పెచ్చులు లేస్తే కారణం అదే. దీనికి అతుకు అంచున ఊచకు జింకు ఆనోడ్లు (ఊచకు బదులు తాము తుప్పు పట్టే ముక్కలు) కట్టడమో, ఉప్పు చేరిన కాంక్రీటును మొత్తం తీసేయడమో చేయాలి.

మీ రెండో ప్రశ్నకు: స్తంభాలు, బీములు, పునాది గట్టిగా తేలితే స్లాబు ఎంత చెడినా భవనాన్ని నిలబెట్టుకోవచ్చు, అవసరమైతే ఆ రెండు గదుల స్లాబే తీసి కొత్తది వేయొచ్చు. కింది అంతస్తు స్తంభాల కోర్లే ఆ కొలమానానికి తగ్గితే మరమ్మతు మీద డబ్బు పెట్టకండి.

ప్రశ్న: వన్‌టౌన్‌లో మా గ్రంథాలయం బ్రిటిషు కాలం నాటి మద్రాసు మిద్దె. కారుతోంది. పైన కాంక్రీటు పరిచి, లోపల సిమెంటు పూత వేస్తామంటున్నారు. మేడమీద పుస్తకాల ర్యాకులు కూడా ఉన్నాయి.
– పాఠకుడు, వన్‌టౌన్

జవాబు: రెండూ వద్దండీ. మద్రాసు మిద్దెలో బరువు మోసేవి టేకు దూలాలు. వాటిపైన సన్నటి ఇటుకలను సున్నంలో అంచుమీద ఏటవాలుగా పేర్చి, ఆపైన ఇటుక జల్లీ సున్నపు కాంక్రీటు వేసి, బెల్లం, కరక్కాయ నీళ్ళు చల్లుతూ చెక్క సుత్తులతో రోజుల తరబడి కొట్టేవారు. ఆఖరున పలక పెంకులు. దానిమీద ఇప్పుడు 100 మిల్లీమీటర్ల కాంక్రీటు పరిస్తే చదరపు మీటరుకు 240 కిలోలు అదనం. మనుషులు తిరిగే డాబాకు డిజైనులో పట్టే బరువే 150 కిలోలు! దూలాలకు ఒక మాట చెప్పకుండా ఒకటిన్నర డాబా జనాన్ని శాశ్వతంగా ఎక్కించినట్టవుతుంది.

పైగా ఇదివరకు ఎవరెవరు ఎన్ని పొరలు వేశారో చూడండి. ఒక మూల జానెడు చదరాన తవ్వి పొరలు లెక్కపెడితే తెలిసిపోతుంది. చాలాచోట్ల మరమ్మతు అంటే వేయడం కాదు, పాత మరమ్మతులను తీసేయడం. చచ్చిన పొరలు దించి, పెంకులు సరిచేసి, సందులను సున్నం, సుర్ఖీ (ఇటుక పొడి), ఇసుక సమపాళ్ళలో కలిపిన మోర్టారుతో నింపండి.

దూలం నడుమ ఎప్పుడూ ముందు చెడదు, గోడలోకి దూరిన కొసే చెడుతుంది. కొస దగ్గర గోడను కొంచెం తొలిచి స్క్రూడ్రైవరు గుచ్చండి. మంచి టేకులో మొన మాత్రమే దిగుతుంది. రెండు సెంటీమీటర్లు దిగిందంటే పుచ్చినట్టే. చెద మట్టి దారులు కూడా అక్కడే వెతకాలి. పుచ్చిన కొసను కోసి రెండువైపులా ఉక్కు పలకలు బోల్టులతో బిగించి అతకొచ్చు. మళ్ళీ గోడలో పెట్టేటప్పుడు కొస చుట్టూ గాలి ఆడే సందు వదలాలి, సిమెంటుతో మూసేస్తే తిరిగి కుళ్ళుతుంది. దూలం రెండు చివర్లకూ దారం లాగి నడుమ ఎంత వంగిందో కొలవండి. 5 మీటర్ల దూలం 20 మిల్లీమీటర్లకన్నా ఎక్కువ దిగితే ఇంజనీరును పిలవాలి.

గోడల సంగతీ అంతే. సున్నపు గోడ చెమ్మను పీల్చి వదిలేస్తుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. నీరు లోపలే ఉండిపోయి ఉప్పు పొంగి, పూతతోపాటు ఇటుక ముఖాన్నీ ఊడబెరుకుతుంది. మన కొండరాయి ఖొండలైటు గోడలకు సిమెంటు పాయింటింగ్ చేస్తే సందులు గట్టిగా నిలబడి రాళ్ళు అరిగిపోతాయి. సున్నంతోనే చేయించండి.

ర్యాకులకు ఒక్క లెక్క: మీటరు పొడవు పుస్తకాలు సుమారు 30 కిలోలు. 90 సెంటీమీటర్ల వెడల్పు, ఆరు అరల ర్యాకు నిండితే 160 కిలోలు. పుస్తక భాండారాల నేలకు ఐఎస్ 875 (కట్టడాల మీద పడే బరువుల లెక్కకు భారత ప్రమాణం) చదరపు మీటరుకు 600 కిలోలు పట్టమంటుంది, చెక్క దూలాల మేడ దానికి కట్టింది కాదు. ర్యాకులను కింది అంతస్తుకు దించండి. కుదరకపోతే నడిమధ్యనుంచి తీసి, కింద గోడ ఉన్న చోటికి జరపండి.

ప్రశ్న: మా కమ్యూనిటీ హాలు డాబాకు మూడేళ్ళలో రెండుసార్లు వాటర్‌ప్రూఫింగ్ కెమికల్ వేయించాం. అయినా కారుతూనే ఉంది.
– కంచరపాలెం

జవాబు: కెమికల్‌ను తిట్టేముందు వాన వెలిసిన గంటకు డాబా ఎక్కి, నీళ్ళు నిలిచిన చోట్ల చుట్టూ సుద్ద గీయండి. వాటం 100కి 1 ఉండాలి. 100 మిల్లీమీటర్ల గొట్టం ఒక్కటి, గంటకు 100 మిల్లీమీటర్ల వానలో, సుమారు 40 చదరపు మీటర్ల డాబాకే సరిపోతుంది. 200 చదరపు మీటర్ల హాలుకు రెండు గొట్టాలుంటే ఏ కెమికల్ ఏం చేస్తుంది? తర్వాత పిట్టగోడ మొదలు చూడండి. కారేది ఎక్కువగా అక్కడే, స్లాబూ గోడా కలిసే మూలలో. అక్కడ మోర్టారుతో గుండ్రంగా గోలా కట్టి, పూతను గోడమీదికి కనీసం 15 సెంటీమీటర్లు ఎక్కించి, గాడిలో దాని అంచు దూర్చాలి. పిట్టగోడలో రావి మొక్క ఉంటే కోసి వదిలేయకండి, వేరుతో తీయాలి. పని అయ్యాక గొట్టాలు మూసి 25 నుంచి 50 మిల్లీమీటర్ల నీళ్ళు రెండు రోజులు నిలిపి, కింద చెమ్మ లేదని చూశాకే బిల్లు ఇవ్వండి. (పైన చెప్పిన మద్రాసు మిద్దెలమీద మాత్రం ఈ నీళ్ళ పరీక్ష చెయ్యకండి.)

ప్రశ్న: మా రైతుబజారు షెడ్డుకు పాత ఆస్‌బెస్టాస్ రేకులు. తుపానుకు ముందు ఏం చూడాలి?
– గోపాలపట్నం

జవాబు: విశాఖకు డిజైను గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ లెక్క ఎందుకో ఊరందరికీ చూపించింది. ఆ గాలి ఒత్తిడి చదరపు మీటరుకు 150 కిలోల దాకా ఉంటుంది. అదే చదరపు మీటరు రేకు బరువు 15 కిలోలు. రేకును పట్టి ఉంచేది బరువు కాదు, జె హుక్కులే. చూరు, మూలల దగ్గర గాలి ఇంకా ఎక్కువ లాగుతుంది కాబట్టి ముందు అక్కడివి చూడండి. మర సన్నబడినవీ, వాషరు చితికినవీ మార్చండి. రేకులను పొడిగా కోయడం, డ్రిల్లు చేయడం వద్దు, ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. రేకుమీద నేరుగా కాలు పెట్టొద్దు, పలక వేసి నడవాలి.

ప్రశ్న: మరమ్మతు అంచనాలో ఏమేం ఉండాలో చెబితే గ్రామసభలో అడుగుతాం.
– ఆనందపురం

జవాబు: వరస చూడండి. డాబా, నీటి గొట్టాలు మొదట. తర్వాత కాంక్రీటు, దూలాలు. ఆ తర్వాత వైరింగ్, ఆఖరున పూత, రంగు. తిరగేస్తే కొత్త రంగుమీద మళ్ళీ గాడి కొడతారు. వైరింగ్‌కు 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్) పరీక్ష రాయించండి. 1 మెగాఓమ్‌కు తగ్గిన సర్క్యూటు మార్చాలి, షాకు తగిలితే కరెంటు ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టాలి. ఫ్యాను కొక్కేలు స్లాబులో తుప్పు పట్టాయేమో ఒక్కొక్కటీ లాగి చూడమనండి. ర్యాంపు వాలు 12కి 1 కన్నా ఎక్కువ నిటారుగా ఉండకూడదు.

కొట్టి చూస్తే తప్ప తెలియని పరిమాణాలకు విడిగా పద్దు పెట్టించి, చదరపు మీటరుకు, కిలోకు ఇంతని రేటు ముందే ఖాయం చేయించండి. ‘మొత్తం మీద ఇంత’ అని రాసే పద్దు ఒప్పుకోవద్దు. ఊచ శుభ్రం చేశాక, ప్రైమరు వేశాక, మోర్టారు కప్పేముందు, ఈ మూడు దశల్లోనూ గది నంబరు రాసిన పలక, కొలత టేపు కనబడేలా ఫొటో తీసి ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) కొలత ఎక్కించాలి. మోర్టారు సంచులు ఎన్ని వచ్చాయో చలానాతో సరిచూడండి, ఖాళీ సంచులు బిల్లు అయ్యేదాకా పారేయనివ్వకండి. కలపడానికి ఉప్పు నీటి బోరు వాడకుండా చూడండి. ఆర్సీసీ పనికి లీటరు నీటిలో 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండకూడదు.